అల్ఫారెట్టాలో మారేడు తోరణం

ఆ రోజుల్లో నాకు ఒకటే భయం ఉండేది. నాకు ఫలానాది తెలియదన్న సంగతి ఎవరికైనా తెలిసిపోతుందేమోనని. అమెరికా వచ్చి ఏడాది కాలేదు. జార్జియా రాష్ట్రం అల్ఫారెట్టాలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని, అదీ కాంట్రాక్ట్. మీటింగుల్లో వాళ్ళు ప్రాజెక్ట్ గురించి మాట్లాడినా, ఫుట్‌బాల్ గురించి మాట్లాడినా, ఇంటి పైకప్పు కారడం గురించి మాట్లాడినా ఒకేలా తలూపి ఒకేలా నవ్వేదాన్ని. (ఒకాయన తన కుక్క చనిపోయిందని చెబుతున్నప్పుడు కూడా అలాగే నవ్వాను. ఆయన ఆ తర్వాత ఎప్పుడూ నాతో లిఫ్ట్ ఎక్కలేదు.) డిసెంబర్ ఆఖరుకి కాంట్రాక్ట్ అయిపోతుంది. మా మేనేజరమ్మ పర్మనెంట్ చేస్తే ఉద్యోగం ఉంటుంది. చేయకపోతే మా ఆయన వీసా మీద డిపెండెంట్‌గా ఇంట్లో కూర్చుని కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూసుకోవాలి. ఆ కిటికీని తలుచుకుంటేనే నాకు ఏడుపొచ్చేది.

మేనేజరమ్మ అరవైకి దగ్గరపడ్డ జార్జియా పల్లెటూరి మనిషి. తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ చూస్తుంది. ఆ ఏడు నవంబర్లో నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్ పండక్కి ఆవిడ పిల్లలెవరూ రావడం లేదని విని, ఏ ధైర్యంతోనో "మా ఇంటికి రండి" అనేశాను. ఆవిడ కాసేపు నావంక చూసి "వస్తాను" అంది. ఇంటికొచ్చి చెబితే మా ఆయన కుర్చీలో కూలబడ్డాడు. మా అత్తగారు మాత్రం కంగారు పడలేదు. ఆవిడ తెనాలిలో ముప్పై ఏళ్ళు హైస్కూల్లో నేచురల్ సైన్స్ చెప్పి రిటైరై, ఆరు నెలలుందామని మా దగ్గరికి వచ్చారు. "రానియ్యి. కానీ కార్తీకమాసం. కోడి గానీ, దాని పెద్దక్క గానీ ఈ గడప తొక్కడానికి వీల్లేదు" అన్నారు. పెద్దక్క అంటే ఆ పండక్కి వాళ్ళు తప్పకుండా వండే టర్కీ కోడి. టర్కీ లేని థాంక్స్‌గివింగ్ అంటే పెళ్ళికొడుకు లేని పెళ్ళి కదా. ఆ లోటంతా అలంకరణతో పూడ్చేయాలని నేను నిశ్చయించుకున్నాను.

ఒక పత్రికలో బొమ్మ చూశాను. గుమ్మానికి ఎర్రటి ఆకుల దండ, బల్ల మధ్యలో పొడుగ్గా పరిచిన ఎర్రటి తీగ, అక్కడక్కడ చిట్టి గుమ్మడికాయలు, కొవ్వొత్తులు. అలంకరణ సామాన్ల షాపుకి వెళ్తే ఆ దండ ప్లాస్టిక్ ఆకులతో ఉంది, ధర చూసి అత్తగారు దాన్ని జాగ్రత్తగా ఎక్కడిదక్కడ పెట్టేశారు. దాల్చినచెక్క వాసన వచ్చే చీపురొకటి చూపించి ఇది గుమ్మానికి తగిలిస్తారట అంటే, "లక్ష్మి వచ్చే దారిలో చీపురా" అని నావంక అనుమానంగా చూశారు. పక్కన గడ్డి మోపు మీద కూర్చున్న దిష్టిబొమ్మని చూసి, "పొలం లేదు, కాకి లేదు, వీడికి డ్యూటీ ఏవిటి?" అని అడిగారు. నాకూ తెలియదు. తెలిసినట్టు తలూపాను. చివరికి చిట్టి గుమ్మడికాయలు మాత్రం కొనుక్కుని, ఆకులు అపార్ట్‌మెంట్ వెనక అడవిలోంచే తెచ్చుకుందామని తీర్మానించాం.

పండగ ముందు ఆదివారం సాయంత్రం వెళ్ళాం. అప్పటికే చాలా చెట్లు బోడిగా ఉన్నాయి. కానీ ఒక పైన్ చెట్టుకి చుట్టుకుని, ఇంకా ఒక్క ఆకైనా రాల్చకుండా, కుంకుమలా మెరిసిపోతూ ఒక తీగ ఉంది. అత్తగారు దాని ముందు ఆగిపోయారు. చేతిసంచి కింద పెట్టేశారు. "అమ్మాయ్, సరిగ్గా చూడు. కాడకి మూడు ఆకులు" అన్నారు. పాపం, ఆ నెలంతా ఆవిడ శివపూజకి మారేడు దళాలు దొరక్క, పాలకూర ఆకులు మూడేసి దారంతో కట్టి, స్వామికి క్షమాపణ చెప్పుకుని వేస్తున్నారు. "మారేడు తీగలా పాకదు కదండీ" అన్నాను. "ఈ దేశంలో దేనికి క్రమం ఉంది?" అన్నారు. "ఎర్రగా ఉంది కదండీ." "ఈ చలికి మనుషుల ముక్కులే ఎర్రబడుతున్నాయి, ఆకెంత? ముప్పై ఏళ్ళు ఆకుల పాఠం చెప్పాను, నాకు చెబుతావా?" నిజమే, నేను ఏం చెబుతాను. రెండు సంచులు నింపాం. దారిలో ఒకావిడ కుక్కతో ఎదురై, మా సంచుల్లోకి చూసి ఏదో గట్టిగా అంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎప్పటిలా తలూపి నవ్వాను. ఆవిడ కుక్కని లాక్కుని రోడ్డుకి అవతలి పక్కకి వెళ్ళిపోయింది.

ఆ రాత్రికి మా ఆయన నిచ్చెనెక్కి గుమ్మానికి తోరణం కట్టాడు. నేను మిగిలిన తీగని బల్ల మీద బొమ్మలో ఉన్నట్టే పరిచి, ప్రతి కంచం కింద ఒక దళం అందంగా దూర్చాను. మర్నాడు కార్తీక సోమవారం. అత్తగారు నూట ఎనిమిది దళాలతో తృప్తిగా పూజ చేసి, ఒక్కొక్కరినీ పిలిచి ప్రసాదంగా తలో దళం ఇచ్చారు. ముగ్గురం భక్తిగా కళ్ళకద్దుకున్నాం.

బుధవారానికి మా ఆయన మోచేతులు ఎర్రగా పొంగాయి. "వింటర్ కదా, డ్రై స్కిన్. లోషన్ రాసుకుంటే పోతుంది" అని తనకి తనే వైద్యం చెప్పుకున్నాడు. నా కుడి కన్ను సగం మూసుకుంది. అత్తగారికి రెండూ వాచాయి. కొత్త సబ్బు వల్లని ఒకసారి, హీటర్ వల్లని ఒకసారి అనుకున్నాక ఆవిడ అసలు కారణం కనిపెట్టారు. "ఇంత అలంకారం చేశాం, దిష్టి కొట్టింది. స్వామికి ఇంకో పదకొండు దళాలు వేస్తే సర్దుకుంటుంది." వేశాం, మళ్ళీ కళ్ళకద్దుకున్నాం. గురువారం పొద్దుటికి నా రెండో కన్ను కూడా మూసుకోబోతోంది. ఇంకో పదకొండు వేశాం. ఆఫీసులో మేనేజరమ్మ ముందు రోజే "కంటికేమైంది?" అని అడిగింది. ఏమీ లేదు, నిద్ర తక్కువైంది అని నవ్వాను. నా ముఖం ఆ ఆకారంలో ఉండగా ఉద్యోగం అడగాలన్నమాట అనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం రెండింటికి మేనేజరమ్మ గుమ్మడికాయతో చేసిన పై, అదే వాళ్ళ తీపి రొట్టె, పట్టుకుని వచ్చింది. తలుపు తీశాను. ఆవిడ లోపలికి రాలేదు. తోరణం వంక చూసింది. నా కంటి వంక చూసింది. నా వెనక పొడుగుచేతుల చొక్కా మీంచే చేతులు గోడకేసి రుద్దుకుంటున్న మా ఆయనని చూసింది. ఈలోగా అత్తగారు కళ్ళు చికిలించుకుంటూ కుంకుమ భరిణతో వచ్చి, గడప అవతల నిలబడ్డ మనిషి నుదుట వేలితో నిండుగా బొట్టు పెట్టేశారు. మేనేజరమ్మ గొంతు పెంచకుండా అడిగింది.

"ఈ దండ ఎక్కడ కొన్నావు?"

"కొనలేదండీ. మేమే అడవికి వెళ్ళి కోసి కట్టాం" అన్నాను గర్వంగా.

"చేతులతోనా?"

తలూపాను. ఆవిడ నా భుజం మీంచి బల్లని చూసింది. బల్ల వెనక దేవుడి అల్మరాని చూసింది. అక్కడ స్వామి కంఠం దాకా ఎర్రటి ఆకుల్లో మునిగి ఉన్నాడు. "ఎవరూ దేన్నీ ముట్టుకోకండి. ఇది పాయిజన్ ఐవీ, తగిలితే ఒళ్ళంతా పొక్కే విషపు తీగ" అంది. "ఇక్కడ పిల్లలకి నడక వచ్చిన రోజే చెబుతాం, మూడాకుల తీగ కనిపిస్తే ముట్టుకోవద్దని."

మా ఆయన తెలుగులో చెప్పాడు. అత్తగారు నిదానంగా విన్నారు. "మాకు నడక వచ్చిన రోజే చెబుతారు, కనిపిస్తే కళ్ళకద్దుకోమని. ఆవిడకి చెప్పు" అన్నారు.

మేనేజరమ్మ మా వంటింట్లోంచి గిన్నెలు తోమే రబ్బరు గ్లవుజులు తొడుక్కుని, బూట్లకి ప్లాస్టిక్ సంచులు కట్టుకుని, పెద్ద చెత్త సంచి విప్పింది. అత్తగారు అడ్డం నిలబడ్డారు. "నిర్మాల్యం చెత్తలో వెయ్యకూడదు. పారే నీళ్ళలో వదలాలి." మా ఆయన ఆ మాట ఇంగ్లీషులో చెబితే మేనేజరమ్మ కారణం అడిగింది. అప్పుడు నేను, ఉద్యోగం పోతే పోయిందని, దేవుడికి వేసిన ఆకులని చెత్తలో వేస్తే మా అత్తగారి మనసు కష్టపడుతుందని ఉన్నదున్నట్టు చెప్పాను. "కాల్చకపోతే చాలు, పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెనక వాగు ఉంది, పదండి" అంది మేనేజరమ్మ. అలా బయలుదేరాం. ముందు రబ్బరు గ్లవుజులతో, నుదుట బొట్టుతో, రెండు చేతుల్లో శివనిర్మాల్యంతో మా మేనేజరమ్మ. వెనక చేతులు జోడించి పంచాక్షరి జపిస్తూ అత్తగారు. ఆ వెనక గోక్కుంటూ మేమిద్దరం. బాల్కనీల్లో జనం టర్కీ ప్లేట్లు పట్టుకుని చూశారు. ఆకుల్ని వాగులో వదిలాక మేనేజరమ్మ, ఎవరూ చెప్పకుండానే, ఒక క్షణం తల వంచింది. నాకు ఆ మనిషి మీద ఆ క్షణమే ప్రేమ పుట్టింది.

ఇంటికొచ్చి ఆవిడ మా చేత మోచేతుల దాకా గిన్నెల సబ్బుతో కడిగించింది. బట్టలు మార్పించింది, బల్ల తుడిపించింది. పేపర్ ప్లేట్లలో పులిహోర, గుత్తి వంకాయ తిని, రెండోసారి పులిహోర అడిగి వడ్డించుకుంది. శుక్రవారం క్లినిక్‌లో డాక్టరు మందు రాస్తూ, మీరు మామిడి తింటూ, మామిడి చెట్లెక్కుతూ పెరిగారా, అందుకే ఇంత తొందరగా పొంగింది, ఈ తీగా మామిడీ ఒకే కుటుంబం అన్నాడు. అత్తగారి వాచిన ముఖం వెలిగిపోయింది. "విన్నావా? మనం కట్టింది మామిడి తోరణమే."

సోమవారం ఆఫీసుకి వెళ్ళాను. మేనేజరమ్మ నుదుటి మీద సరిగ్గా రూపాయి బిళ్ళంత మేర ఎర్రగా పొంగి ఉంది. బొట్టు పెట్టిన మా అత్తగారి వేలు ఆ గురువారం పొద్దున్నే పదకొండు దళాలు వేసిన వేలు. మీటింగులో పై అధికారి అదేమిటని అడిగితే, "ఒక పెద్దావిడ ఆశీర్వదించింది" అని ఆవిడ తర్వాతి విషయంలోకి వెళ్ళిపోయింది. మీటింగ్ అయ్యాక నన్ను గదిలోకి పిలిచింది. బల్ల మీద నా పేరున్న పర్మనెంట్ ఉద్యోగం కాగితం ఉంది. కింద సంతకం లేదు.

"ఆరు నెలలుగా నువ్వు నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు" అంది. "తప్పులు పట్టే పని నీది. ఏదీ అడగని మనిషిని ఆ పనిలో ఎలా ఉంచుకోను? ఆ ఆకు కాగితంలో చుట్టి నా దగ్గరికి తెచ్చి ఇదేమిటని అడిగితే అర నిమిషం పట్టేది."

అలవాటుగా తలూపబోయి ఆపేశాను. అడగాల్సినవి వందున్నాయి. పర్మనెంట్ అయితే జీతం ఎంత, వీసా ఎప్పుడు ఫైల్ చేస్తారు, అసలు ఆ రోజు కుక్కావిడ ఏమని ఉంటుంది. కానీ ఆ నుదుటి వంక చూస్తుంటే నా నోట్లోంచి ఒక్కటే వచ్చింది.

"మీకు చాలా దురదగా ఉందాండీ?"

"చాలా" అంది మేనేజరమ్మ, పెన్ను తీసుకుంటూ.

ఇప్పుడు నన్ను పనిలోనూ ఇంట్లోనూ అందరూ ప్రశ్నల పుట్ట అంటారు, మా ఆయన అయితే చేతులెత్తేశాడు. అయినా అప్పుడప్పుడూ ఆ గదిలో, ఒక కన్నే తెరుచుకుని, జీవితంలో మొదటిసారి ఒక మనిషిని సూటిగా అడిగిన ఆ పిల్ల గుర్తొస్తుంది. నవ్వొస్తుంది. కాస్త దగ్గరికి తీసుకోవాలనీ అనిపిస్తుంది.