రాములవ్వ తూకం

నాకు నోరు ఎక్కువ. పదహారేళ్లుగా నర్సు ఉద్యోగం చేస్తున్నాను, చెప్పిందే చెప్పీ చెప్పీ ఆ నోరు కూడా అరిగిపోయింది. ఉప్పు తగ్గించు, మాత్ర మానకు, పొద్దున్నే బరువు చూసుకో. వారానికి మూడు రోజులు కోరుట్ల నుంచి బస్సెక్కి ఊళ్లు తిరిగి ఇవే మాటలు చెబుతాను. అందరూ బుద్ధిగా తలూపుతారు. నేను బస్సెక్కగానే పచ్చడి జాడీ తెరుస్తారు.

రాములవ్వ అలాంటిది కాదనుకున్నాను. యాభై ఆరేళ్ల మనిషి. పెళ్లయి వచ్చిన ఏడాది నుంచీ బీడీలు చుడుతోంది. కల్లు గీసే భర్త తాటిచెట్టు మీంచి పడి చనిపోయేనాటికి కూతురు రాధకు నాలుగేళ్లు. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టి ఆ పిల్లను పెంచి చదివించింది. కత్తెర పట్టే వేళ్లు కాయలు కాసిపోయాయి.

నిరుడు ఆయాసంతో పడిపోతే గుండె బలహీనపడిందన్నారు డాక్టరు. గుండె నెత్తురును సరిగా తోయలేకపోతే ఒంట్లో నీరు నిలుస్తుంది. ముందు బరువు పెరుగుతుంది, తర్వాత కాళ్లు వాస్తాయి, ఆ తర్వాత పడుకుంటే ఊపిరాడదు. బరువు దగ్గరే పట్టుకుంటే చాలాసార్లు నీరు తీసే ఒక మాత్రతో సర్దుకుంటుంది. ఊపిరి దాకా వస్తే ప్రాణం మీదికే వస్తుంది.

అందుకే ఇంట్లో బరువు మిషన్ పెట్టించాను. "పొద్దుగాల లేవంగనే, చాయ్ తాగకముందే ఎక్కాలె. మూడు రోజులల్ల రెండు కిలోలు పెరిగితే నాకు ఫోన్ చెయ్యి. సమజైందా?"

"సమజైంది మేడం."

చదువు రాకున్నా అంకెలు రాయగలదు, అందుకే రోజూ బరువు రాసేందుకు ఒక కాయితం ఇచ్చాను. వెయ్యి బీడీలు చుట్టినా లెక్క తప్పదు.

మొదటి నెలలోనే కిలోన్నర పెరిగింది. ఆ రోజు అప్పటికే మూడిళ్లలో అరిచి వచ్చి ఉన్నాను. "ఏం తిన్నవ్? కూరల ఎంత ఉప్పు పోసినవ్? గిట్లనే చేస్తే జగిత్యాల తీస్కపోయి దవాఖాన్ల పండవెడత!" అని వాకిట్లో అందరూ వినేట్టు తిట్టాను. రాములవ్వ చాటలోంచి రాలిన తంబాకు ఏరుకుంటూ కూర్చుంది.

ఆ తర్వాత కాయితంలో వంక లేదు. నలభై ఎనిమిది, నలభై ఎనిమిదిన్నర, నలభై ఎనిమిది. గట్టిగా చెబితే వింటారని మీటింగులో ఆ కాయితం చూపించి గొప్పలు కూడా పోయాను.

మొన్న వానాకాలంలో వెళ్లేసరికి రాములవ్వ గోడకు ఆనుకుని ఉంది. ముందు చాట లేదు. ఒక్కో మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటోంది. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉండిపోయింది. కాయితం తీశాను. ఆ పొద్దున కూడా నలభై ఎనిమిదే. ఆమెను పట్టుకుని మిషన్ మీద నిలబెట్టాను. యాభై ఐదు.

"రోజు దీని మీద ఎక్కుతున్నదెవలు?"

పక్కింటి నర్సవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనే ఎక్కిన మేడం. ఎక్కువస్తే నువ్వు తిడుతవని, దవాఖానకు తోలుతవని భయపడ్డది. కార్ఖానల ఒకలకు కట్టలు తక్కువైతే ఇంకొకలయి కలిపి చూపెట్టమా? గట్లనే అనుకున్నం."

ఒళ్లు మండి నోరు తెరిచాను. నర్సవ్వ ముఖం చూసి మూసుకున్నాను. లెక్క తగ్గితే నలుగురిలో పరువు తీసే బీడీ కార్ఖానా మేస్త్రీ ముందు ముప్పై ఏళ్లు నిలబడి నేర్చుకున్న తెలివి అది. నేనూ వాళ్లకు అలాంటిదాన్నే అయ్యాను. సిగ్గుతో చచ్చిపోయాను.

అంబులెన్సులో జగిత్యాల తీసుకెళ్లాం. రెండు రోజుల దాకా డాక్టరు ఏ మాటా చెప్పలేదు. కబురందగానే వచ్చిన రాధ బయట బెంచీ మీద నా చేయి పట్టుకుంది. "కాయితం మంచిగనే ఉన్నదని మా అవ్వ రోజు ఫోన్ల చెప్పెగద మేడం?"

"తప్పు నాది బిడ్డా" అన్నాను. మర్యాదకు అన్నాననుకుందేమో, నా చెయ్యి వదల్లేదు.

తొమ్మిదో రోజు ఇంటికి పంపారు. నేను వెళ్లి రాములవ్వ పక్కన కింద కూర్చున్నాను. "బరువు పెరుగుడు నీ తప్పు గాదు. పెరిగితే నాకు చెప్పు, గంతే. ఇగ తిట్టనే తిట్ట." ఆమె నమ్మినట్టు కనిపించలేదు. నేనైనా నమ్మేదాన్ని కాదు.

నెల దాటాక ఒక పొద్దున, బస్టాండులో చాయ్ తాగుతుంటే ఫోను మోగింది.

"మేడం, యాభై ఉన్నది. మొన్న నలభై ఎనిమిదే. నేనే ఎక్కిన, నర్సవ్వ గాదు."

"మంచిపని చేసినవ్ రాములవ్వా. ఆయాసమున్నదా?"

"లేదు."

"డాక్టర్ సారు చీటీల రాసిండు గద, గట్లనే ఇయ్యాల నీళ్ల గోలి ఇంకోటి ఏస్కో. నేనస్తున్న."

రాములవ్వ భయంభయంగా అడిగింది.

"తిడుతలేవేంది మేడం? నేను బతుకనా?"