చెవుల మేస్త్రీ పెట్టిన కన్నం

ఇదివరకు పొద్దున్నే మా ఆయన పనికి వెళ్లగానే, సబ్బునీళ్లలో గుడ్డ ముంచి ముందుగదిలో ఆయన మంచం పక్క గోడ తుడిచేదాన్ని. మంచం మీద కూర్చుని తల వెనక్కి వాల్చడం ఆయన అలవాటు. రోజూ తలనూనె మరక పడేది, రోజూ తిట్టుకుంటూ రుద్దేదాన్ని. ఆయన పోయాక గుడ్డ ముట్టలేదు. ఆఖరిసారి పడ్డ మరక జానెడంత అలాగే ఉంది.

ఆ గోడకే కన్నం పెట్టించాలన్నాడు మా మరిది. అత్తయ్యకు ఎండాకాలం ఊపిరాడదు, చలికాలం దగ్గు ఆగదు. వేడీ చల్లదనం రెండూ ఇచ్చే మిషను కొన్నాడు. గోడను తొలిచి, సగం లోపల, సగం బయట ఉండేలా బిగిస్తారట. ఇన్ని గోడలుండగా ఆ గోడే ఎందుకన్నాను. వీధివైపుది అదొక్కటేనట. సరే, అంత గోడలో ఆ చోటే ఎందుకు? నడిమధ్యన పెడితే గదంతా సమంగా తగులుతుందట. అన్నిటికీ జవాబు సిద్ధంగా పెట్టుకున్నవాణ్ణి నేను నమ్మను. అన్న గుర్తు కళ్లముందు లేకుండా చేద్దామనుకుంటున్నాడని నా అనుమానం.

బిగించడానికి వచ్చినాయన్ని మా వీధిలో చెవుల మేస్త్రీ అంటారు. గోడకు చెవులుంటాయంటారు గదా, ఈయన గోడకే చెవి పెడతాడు. వయసులో ఉండగా ఇళ్లు కట్టిన మనిషి, మోకాళ్లు అరిగాక ఇప్పుడు కన్నాలు పెడుతున్నాడు. వేలి కణుపులతో గోడ తట్టడం, చెవి ఆనించి వినడం. నాకు తేడాగా అనిపించింది.

"ఏం వింటున్నారు? నగలు దాచామనుకున్నారా?"

"గుల్లగా ఉందో గట్టిగా ఉందో చూస్తున్నానమ్మా. గోడల్లో నగలే దొరికితే నేనీ మోకాళ్లేసుకుని ఎందుకు తిరుగుతాను?"

తట్టుకుంటూ మేస్త్రీ మరక దగ్గరికి వచ్చేసరికి, నేను వెళ్లి దానికి వీపు పెట్టి నిలబడ్డాను.

"జరుగు వదినా, దుమ్ము పడుతుంది," అన్నాడు మరిది.

"పడనీ."

మేస్త్రీ నన్ను చూశాడు, నా వెనక గోడ చూశాడు. "ఇక్కడ కుదరదు బాబూ. లోపల కరెంటు తీగ పోతోంది. బారెడు అవతలికి జరపాలి," అన్నాడు.

మా ఇంట్లో గోడల లోపల తీగలే లేవు. అన్నీ పైన చెక్కపట్టీ మీద కళ్లకు కనబడుతూనే పోతాయి. అవతల ఇటుక మెత్తగా ఉందనా, పని తగ్గించుకుందామనా, ఈ అబద్ధం ఎందుకో అంతుపట్టలేదు. మరిది తల పైకెత్తితే చాలు, గుట్టు బయటపడుతుంది. అతను ఎత్తేలోపే నా నోరు దానంతటదే, "అవును, మీ అన్నయ్య కూడా చెప్పేవారు," అంది.

కన్నం బారెడు అవతలే పడింది. అందులో రేకు పెట్టె దోపి పైన రసమట్టం పెట్టాడు. బుడగ మధ్యన నిలవలేదు.

"వంకరగా పెట్టారే."

"బయటికి కాస్త వాలాలమ్మా. లేకపోతే నీళ్లు మీ పక్కమీదికే."

నమ్మకం కుదరక గ్లాసుడు నీళ్లు పోసి చూశాను. బయటికే పోయాయి. సందులు పూడ్చి, మిషను లోపలికి తోసి, మీట నొక్కాడు. "ఆపిన వెంటనే మళ్లీ వేయకండి, కాస్త ఆగండి. లోపల దుమ్ము పట్టే జల్లెడ అప్పుడప్పుడు తీసి కడగండి," అని చెప్పాడు. అత్తయ్య చల్లగాలికి ఎదురుగా కూర్చుని, "వాడుంటే ఈ రొదకి చెవులు మూసుకునేవాడు," అంది.

మరిది ఇటుక ముక్కలు పారబోయడానికి వెళ్లగానే అడిగాను. "ఆ తీగ ఎక్కడికి పోతుందండీ?"

ఆయన సుత్తిని గోనెగుడ్డలో చుడుతున్నాడు. "తీగ లేదు, గీగ లేదు. మీరక్కడ నిలబడితే సుత్తి ఎక్కడ పెట్టనమ్మా?" గోనెగుడ్డకు ముడి వేసి మళ్లీ అన్నాడు. "మా వంటింటి తలుపు పక్కనా ఒకటుండేది, మా ఆవిడ చేతి మరక. ఆవిడ పోయిన వారానికే సున్నం కొట్టేశాను. పనిమంతుణ్ణి కదా."

మేస్త్రీ వెళ్లాక మరిది బకెట్టుతో సబ్బునీళ్లు తెచ్చి నా ముందు పెట్టాడు. "సిమెంటు దుమ్ము పట్టేస్తుంది వదినా, గోడంతా తుడిచెయ్యి."

పైనుంచి తుడిచాను, మిషను చుట్టూ తుడిచాను, కింద నేలదాకా తుడిచాను. మా ఆయన తల ఆనే చోటికి వచ్చేసరికి గుడ్డ పిండి ఆరేశాను.