ఈశాన్యం గదిని మూసి వెళ్ళిన గంగులప్ప సారు

కుప్పం బస్టాండులో పుంగనూరు బస్సు కోసం నిలబడి ఉండగా ఫోన్ మోగింది. ఆ రోజు నేను బయలుదేరింది మదనపల్లెకే, గంగులప్ప సారు ఇంటికే. మా హేతువాద సంఘం తర్వాతి సభలో ఏం మాట్లాడాలో ఆయనతో వాదించి తేల్చుకోవాలని. ఫోన్లో ఆయన భార్య సుగుణమ్మ. "వస్తాండావా అప్పా? రా. పోట్లాడేదానికి మాత్రం మీ సారు ల్యాడు. తెల్లారి కాఫీ ఇచ్చేదానికి పోతే పలకలే" అంది.

మరణం ప్రకృతి ధర్మమని వందల మందికి చెప్పినవాణ్ణి. ఆ మాట ఆ క్షణంలో నాకు కొంచెం కూడా పనికిరాలేదు. బస్సు వచ్చింది, నిండింది, వెళ్ళిపోయింది. నేను మాత్రం ఫోన్ చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

గంగులప్ప సారు తంబళ్లపల్లె వైపు మెట్ట పల్లెలో పుట్టి, మదనపల్లెలో లెక్కల మాస్టరుగా పనిచేసి, రిటైరై అక్కడే స్థిరపడ్డాడు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఊళ్ళ హేతువాద మిత్రులకు ఆయన మాటే చివరి మాట. ఎరగనివారికి ఆయన్ని పరిచయం చేయాలంటే ఒక్క సంగతి చాలు: ఆయన ఇంట్లో మరుగుదొడ్డి, స్నానాల గది కలిసి ఈశాన్య మూలలో ఉండేవి. దేవుణ్ణి పెట్టాలని వాస్తువాళ్ళు చెప్పే మూల అది. తెలిసే కట్టాడు. ఉపన్యాసాల కన్నా ఆ గదే ఆయన్ని నాలుగు మండలాలకు పరిచయం చేసింది.

ఇల్లు కడుతున్నప్పుడు ఆ మూలకు వచ్చేసరికి మేస్త్రీ తాపీ కింద పెట్టేశాడు. "సార్, మీరు దేవుడు లేడనేవాళ్ళు, మీకేం గాదు. కట్టిన పాపం నాకు తగులుకుంటాది. నా పిల్లోళ్ళు చల్లగుండాల" అన్నాడట. రెండో మేస్త్రీ గది చూసి మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. సారుకు పంతం వచ్చింది. అంగడికి పోయి తాపీ, రసమట్టం, పైపులు తెచ్చుకున్నాడు. టైల్సు తొట్టిలో నానబెట్టి, వాటి మధ్య సందుకు అగ్గిపుల్లలు పెట్టి, వంచిన నడుము ఎత్తకుండా నేలంతా తానే పరిచాడు. తీరా నీళ్ళు పోస్తే, బయటికి పోవాల్సినవి గది మధ్యలో నిలబడ్డాయి. పక్కింటాయన గోడ మీదుగా తొంగిచూసి, "ఏం సార్, ఈశాన్యంలో చెరువు తవ్వినారా?" అన్నాడు. "నీళ్ళు పారే వాటం తప్పించింది నేనప్పా, దిక్కు కాదు" అని, ఆరని టైల్సన్నీ పీకి మళ్ళీ మొదలుపెట్టాడు.

ఆ పనిలోనే పుట్టింది ఆయన మాట: "నీళ్ళకు వాటం ఒకటే తెలుసు. తూర్పూ పడమరా మనుషుల గోల." ఇంకొకటి మేమంతా వాడుకునేవాళ్ళం: "కొళాయి కారితే శాంతి చేయించరు, వాషర్ మారుస్తారు. మీ బతుకులో ఏది కారుతాండాదో సూడండి."

మేస్త్రీలు కాదన్న ఇళ్ళవాళ్ళు ఆయన్ని వెతుక్కుంటూ రావడం మొదలైంది. సంచిలో స్పానరు, వాషర్లు, పైపు మరకు చుట్టే తెల్ల టేపు వేసుకుని బస్సెక్కేవాడు. పని మాత్రం ఎవరికీ చేసిపెట్టేవాడు కాదు, నేర్పేవాడు. ఎవరింటికి పోయినా పద్ధతి ఒకటే. మొదటి టైలు తాను పరిచేవాడు. దాన్ని వేలి కణుపుతో తట్టి, డొల్ల శబ్దం రాలేదని వాళ్ళకు వినిపించేవాడు. తాపీ ఆ ఇంటివాళ్ళ చేతికిచ్చి దూరంగా కూర్చునేవాడు. "ఇది నాది. తక్కినవి మీవి." చేతికి మురుగు అంటుతుందని ముఖం చిట్లించిన వాళ్ళను వదిలిపెట్టేవాడు కాదు. "మన కంపును తరతరాలుగా ఎవురిచేత ఎత్తించినాం? ఒక పూట మనమూ ముట్టుకుందాం రాండి" అనేవాడు.

పుంగనూరులో ఒక వాస్తు పండితుడితో జరిగిన వాదం అక్కడివాళ్ళకు ఇంకా గుర్తుంది. ఈశాన్యంలో మరుగుదొడ్డి ఉంటే ఇంటి యజమాని ఆయుష్షు తగ్గుతుందని పండితుడు శాస్త్రం చదివాడు. గంగులప్ప సారు లేచి చొక్కా గుండీలు విప్పి ఛాతీ చూపించాడు. "యజమాని ఈడనే ఉండాడు సామీ, పట్టి సూడండి. నమ్మకం లేకుంటే మా ఇంటికి రాండి. ఆ గదిలోనే నీళ్ళు పోసుకుందురు, వేడిగా పెట్టిస్తా." సభ విరగబడి నవ్వింది. పండితుడు కూడా నవ్వాడు.

ఆ సభలో చౌడేపల్లె నుంచి వచ్చిన రెడ్డెమ్మ ఉంది. నాలుగు ఆవులు మేపుకుని పాలు పోసే మనిషి. వాళ్ళ స్థలంలో బాత్రూముకు మిగిలింది ఈశాన్య మూల ఒకటే. దాన్ని కట్టనీయక మరిది అడ్డం పడుతున్నాడు. చీకట్లో చేలోకి పోలేక ఆమె సారును పిలిపించుకుంది. సారు మొదటి టైలు పరిచాడు. తక్కినదంతా ఆమె పరుచుకుంది. ఆ తర్వాత ఆవు పాలు ఈయకున్నా, పెనిమిటి ట్రాక్టరు మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నా, మరిది వేలు ఆ గది వైపే చూపేది. "మదనపల్లె సారుకు ఏమైంది?" అని ఆమె ఎదురడిగేది. ఆమెకున్న జవాబు అదొక్కటే.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది రాయకుండా ఆయన్ని స్మరిస్తే, ఆయన నాకు నేర్పినదంతా బూటకమవుతుంది.

ఆయన కోరినట్టే మంత్రాలు లేకుండా దహనం ముగించి ఇంటికి తిరిగివచ్చాం. కాళ్ళు కడుక్కోవడానికి ముందు వైపు కొళాయి దగ్గర జనం ఉన్నారు. నేను అలవాటుగా ఈశాన్యపు గదికి వెళ్ళాను. బయట గడియ. తీస్తే లోపల సిమెంటు సంచులు, పాత బకెట్లు. కొళాయి తిప్పితే చుక్క రాలేదు. పైపుకు మూత బిగించి ఉంది. నేల మీద మరుగుదొడ్డి బేసిన్ ఉండాల్సిన చోట టైల్సు.

వంగి వేలి కణుపుతో తట్టాను. డొల్ల లేదు. సందులు అగ్గిపుల్లంత, ఒక్క తీరున ఉన్నాయి. ఆ చేతిపని ఎవరిదో నాకు ఇంకొకరు చెప్పనక్కర లేదు. హడావిడిగానో, సిగ్గుతోనో, వంకరటింకరగానో పూడ్చి ఉంటే నేను తట్టుకునేవాణ్ణి. తన పనితనమంతా పెట్టి మూశాడు.

సుగుణమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "గుండెకు స్టెంట్లు వేసినంక మూసినాడప్పా. ఇప్పుడు పెరట్లో వేరే గది" అంది.

"ఎవరు చెప్పారమ్మా మూయమని?"

"ఎవురు జెప్తే వినే మనిషి అది? నేను వద్దనే అంటిని. నాకు ఆ గదే అలవాటు. యాల మూస్తాండావయ్యా అంటే, పైపు లీకవుతాండాది అనినాడు. లీకు యాడుండాది? నాకు తెలవదా? పొద్దున్నే మొదలుపెట్టి ఒక్కడే చేసుకున్నాడు. అన్నానికి పిలిస్తే తిరిగి సూడలే."

స్టెంట్లు వేసిన తర్వాత నేను ఆ ఇంటికి పోవడం కుదరలేదు గాని, ఆయన కుప్పం వచ్చాడు. వేదిక మీద నా పక్కనే నిలబడి, "మా ఇంటికి రాండి, ఈశాన్యంలో నీళ్ళు పోసుకోండి" అన్నాడు. జనం నవ్వారు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది నేను.

భయపడ్డందుకు నాకు కోపం లేదు. గుండె దెబ్బతిన్న మనిషికి ఏ మూల చీకటిగా కనిపిస్తుందో ఎవరు చెప్పగలరు? నాతో ఒక్క మాట అని ఉంటే పక్కన కూర్చునేవాణ్ణి. అవసరమైతే టైల్సు నానబెట్టి ఇచ్చేవాణ్ణి, పోట్లాడుతూనే. ఆయన తన భయాన్ని ఇంట్లో పూడ్చిపెట్టి, ధైర్యాన్ని మాత్రం సభల్లో మాకు పంచాడు. మూతపడిన కొళాయిని చూపించి, నీళ్ళు వస్తున్నాయని చెప్పాడు. బాబాలు చేస్తే దీన్ని మోసమని కరపత్రాలు వేశాం. నా స్నేహితుడు చేస్తే దీనికి వేరే పేరు వెతకను.

కుప్పం మిత్రులు బతిమాలారు: "పోయినాయన గురించి ఇప్పుడు యాల సార్? సంతాపసభలో ఈ మాట ఎత్తొద్దు." ఒప్పుకునేవాణ్ణేమో. ఇంతలో రెడ్డెమ్మ ఫోన్ చేసింది. "సార్ పోయినాడంట గదా. ఈశాన్యమే మింగింది అని మా మరిది గునపం తెచ్చి వాకిట్లో పెట్టినాడు. మా ఆయన గూడా పగలగొట్టేద్దామంటాండాడు. నువ్వు చెప్పప్పా, నేను నిలబడల్నా, వద్దా?"

ఫోన్లో చెప్పే మాట కాదు. చౌడేపల్లె వెళ్ళాను. ఆమె పాలు పితుకుతోంది. మరిది అరుగు మీద, గునపం గోడకు ఆనించి ఉంది. ఉన్నదున్నట్టు చెప్పాను.

పితకడం ఆపింది. "మూసేసినాడా? ఎప్పుడు?"

"గుండెకు ఆపరేషన్ అయినాక."

"ఆయప్ప పేరు చెప్పుకోని నేను ఈడ తిట్లు తింటాంటే, ఆయప్ప ఆడ మూసుకోని కూసున్నాడా?" ఆమె పాల చెంబును పక్కకు నెట్టింది.

మరిది లేచాడు. "సూసినావా వదినా? నాస్తికుడే భయపడినాడు!"

"నువ్వు ఉండప్పా కాసేపు." ఆమె నా వైపు తిరిగింది. "మూసినాక బాగుండాడా?"

"లేదమ్మా. మూసినా పోయాడు."

"అయితే తెరిసి ఉన్నన్నాళ్ళూ పోలే, మూసినా నిలవలే." మరిదిని చూసింది. "వింటివా?"

"నీతో ఎవురు మాట్లాడతారు" అని అతను కండువా దులుపుకున్నాడు.

రెడ్డెమ్మ చేతులు కడుక్కుని బాత్రూము తలుపు తీసింది. మూలన ఉన్న ఒక టైలును కాలి బొటనవేలితో చూపింది. "ఆయప్ప పరిచింది ఇదొక్కటే. తక్కినవన్నీ నా చేత్తో పరిచినవి. ఆయప్ప భయపడితే నావి యాల పగలగొట్టల్ల?" గునపం తీసుకుపోయి పశువుల పాకలో పడేసి వచ్చింది.

ఒక మనిషి ఆరోగ్యం మీద వాదాన్ని నిలబెడితే, అతని గుండె బలహీనపడిన రోజున వాదం కూడా పడుతుంది. గంగులప్ప సారు తన ఛాతీని రుజువుగా చూపించాడు. ఆ బరువు మోయలేక లోపల కూలాడు. ఆ సంగతి మాకు తెలియనివ్వలేదు. ఇది నేను క్షమించలేదు. క్షమించమని అడగడానికి ఆయన లేడు. ఆయనతో నాకు వంద వాదాలు జరిగి ఉంటాయి, ప్రతిదానికీ ఇద్దరం చివరిదాకా కూర్చున్నాం. ఈ ఒక్కదానికి ఆయన ముందే లేచి వెళ్ళిపోయాడు.

అలాంటి పనితనమున్న చేయి మా మూడు ఊళ్ళలో ఇంకొకటి లేదు. మొన్న మా ఇంట్లో కొళాయి కారుతుంటే వాషర్ మార్చుకుంటూ, అలవాటు కొద్దీ ఆయనకు ఫోన్ చేయబోయాను. ఆగి, రెడ్డెమ్మకు చేశాను. "మూలన ఉండాది గదా ఆయప్ప టైలు, అది గట్టిగానే ఉండాది" అంది, నేను అడగకుండానే.