అడక్కుండా కూర్చోని మనిషి

వెండెల్ క్రాబ్‌ట్రీ ఎవర్నీ అడక్కుండా ఏ పనీ చెయ్యడు. మనిషికి ఇంకే లోపమూ లేదు. తాగడు, పేకాడడు, ఎవరి జోలికీ పోడు. హార్కర్స్‌విల్‌లో గడ్డికోత మిషన్లు సగం ఆయన చేతిమీదుగా బాగుపడ్డవే. కానీ అడుగుతాడు. సొంత వంటింట్లోకి వెళ్ళబోతూ తలుపు కొడతాడు. సోఫామీద కుక్క పడుకుని ఉంటే "కాస్త జరుగుతావా?" అంటాడు. కుక్క ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకుంటుంది. ఈయన వెళ్ళి స్టూలు మీద కూర్చుంటాడు.

పెళ్ళినాటి సంగతి ఆయన భార్య లోర్నా ఊళ్ళో చెప్పని ఇల్లు లేదు. "నిన్నొక మాట అడగొచ్చా అన్నాడు. అడగమన్నాను. ఇప్పుడే అడగొచ్చా అన్నాడు. ఆ తర్వాత వెళ్ళి మా నాన్ననీ, మా అన్ననీ, పాస్టరుగారినీ అడిగాడు. అందరూ సరేనన్నాక, అసలు నన్నడగడం మర్చిపోయానని గుర్తొచ్చి మళ్ళీ మొదట్నుంచీ మొదలెట్టాడు. ఇలాగైతే ముసలిదాన్నైపోతానని నేనే చర్చికి వెళ్ళి ముహూర్తం ఖాయం చేసుకొచ్చాను."

అలాంటి ఇంటికి జనవరిలో మార్నీ వచ్చింది. పదమూడేళ్ళ పిల్ల. తల్లి పోయింది, తండ్రెవరో ఎవరికీ తెలియదు. పెంచిన అమ్మమ్మ, అనాథపిల్లల్ని చూసుకునే కౌంటీవాళ్ళకి అప్పగించేసింది. ఆ తర్వాత వాళ్ళు పెట్టిన ఇళ్ళలో మూడు చూసింది. ఏ ఇంట్లోనూ తన గదిలోకి తలుపు కొట్టి వచ్చినవాళ్ళు లేరు. ఇక్కడ మొదటిరోజు సాయంత్రమే, బార్లా తెరిచి ఉన్న తలుపు మీద టకటకమని చప్పుడైంది.

"లోపలికి రావచ్చా?"

"వద్దు."

"సరే తల్లీ," అని వెళ్ళిపోయాడు వెండెల్.

మార్నీకి నమ్మబుద్ధి కాలేదు. వద్దంటే వెళ్ళిపోయే పెద్దమనిషిని ఆ పిల్ల అంతవరకూ చూడలేదు. పరీక్ష చేద్దామని మర్నాడూ వద్దంది. వెళ్ళిపోయాడు. ఆ మర్నాడు చేతిలో నూడుల్స్ సూపు పట్టుకొచ్చాడు. దానికీ వద్దంది. చాలాసేపటికి బయటికొచ్చి చూస్తే, గది పక్కన గోడకి చేరగిలబడి కింద కూర్చున్నాడు. సూపు చల్లారి పైన తెట్టు కట్టింది.

"ఇక్కడ పెట్టి వెళ్ళొచ్చా?" అన్నాడు.

ఇంట్లో ఉన్నంతసేపూ ఇదంతా బాగానే ఉంది. వచ్చిన చిక్కల్లా బయటే. స్కూల్లో బాస్కెట్‌బాల్ ఆటకి ఆయన వచ్చాడు. ముందు వరసవాళ్ళని "నా మోకాళ్ళు మీకు తగలొచ్చా?" అని అడిగాడు. మార్నీ బుట్టలో బంతి వేసింది. జనం చప్పట్లు కొట్టారు. వెండెల్ మాత్రం మెట్లు దిగి, ఆట మధ్యలోకి నడిచి, రిఫరీ దగ్గరికెళ్ళి "ఇది మా పిల్లేనండీ, చప్పట్లు కొట్టొచ్చా?" అన్నాడు. రిఫరీ నోట్లోంచి ఈల జారిపడింది. హాలంతా పడీపడీ నవ్వింది.

"మీ నాన్న ఊపిరి పీల్చడానికి కూడా అడుగుతాడా?" అంది స్నేహితురాలు ట్రిష్.

మార్నీకి తల కొట్టేసినట్టయింది. "మా నాన్నేంటి, నేనక్కడ ఊరికే ఉంటున్నా," అంది. "మరి నీకు సొంతవాళ్ళెవరూ లేరా?" అని ట్రిష్ అడిగింది. అమ్మమ్మ పేరు ఓపల్. ఆవిడ నది అవతల, హైవే పక్కన వారాల లెక్కన అద్దెకిచ్చే మోటెల్ గదిలో ఉంటోంది. ముందు పళ్ళు రెండు లేవు. చక్రాలమీద ఆక్సిజన్ సిలిండర్ ఈడ్చుకుంటూ తిరుగుతుంది. ఒకే రోజు రెండు అవమానాలు మోయడం ఆ పిల్లవల్ల కాలేదు. "మా అమ్మమ్మ చచ్చిపోయింది," అని చెప్పేసింది.

జులై వచ్చేసరికి క్రాబ్‌ట్రీ దంపతులు మార్నీని దత్తత తీసుకోవడానికి కోర్టులో దరఖాస్తు పెట్టారు. వాళ్ళ లాయరు హాన్రహన్ ముగ్గుర్నీ కూర్చోబెట్టి ఎంతవరకూ వచ్చిందో చెప్పాడు.

"పిల్ల ఆర్నెల్లు మీ ఇంట్లో ఉండాలి, ఉంది. ఇల్లు చూసి వెళ్ళినావిడ బాగుందనే రాసింది. వేలిముద్రలైపోయాయి."

వేలిముద్రల దగ్గర "కాస్త గట్టిగా నొక్కొచ్చా?" అని వేలువేలుకీ అడిగి వెండెల్ ఆ పోలీసాయనకి మధ్యాహ్నం భోజనం లేకుండా చేశాడు. పొగ వస్తే మోగే గంటల్ని పరీక్షించడానికి ఫైర్‌స్టేషన్ మనిషి వచ్చినప్పుడైతే, చప్పుడు చెయ్యొచ్చా అని వెండెల్ పక్కిళ్ళన్నీ తిరిగి అడిగొచ్చేదాకా ఆయన నిచ్చెన మీదే నిలబడ్డాడు.

"ఇక మిగిలింది ఒక్కటే," అన్నాడు లాయరు. "పిల్లకి పన్నెండు దాటాయి. జడ్జిగారి ముందు తన నోటితో తనే ఒప్పుకోవాలి. తను కాదంటే మిగతావన్నీ ఉండీ లేనట్టే."

"వాళ్ళ అమ్మమ్మగారిని అడగక్కర్లేదా?" అన్నాడు వెండెల్.

"చట్టం అడగమనలేదు."

"చట్టం మర్చిపోయుంటుందండీ."

మార్నీ మొహం కందిపోయింది. కారెక్కాక అంది, "ఆవిడ పేరు నా దగ్గర ఎత్తొద్దు. ఎత్తితే జడ్జిగారి ముందు ఒప్పుకోను."

వెండెల్ అద్దంలోంచి ఆ పిల్లని చూశాడు. "సరే తల్లీ," అన్నాడు. ఆ తర్వాత ఎత్తలేదు.

కోర్టురోజు వచ్చింది. మూడో అంతస్తులో, గది బయట, ట్రిష్‌తో సహా బాస్కెట్‌బాల్ జట్టంతా బెలూన్లు పట్టుకుని నిలబడ్డారు. లోర్నా కొత్త గౌను వేసుకుంది. వెండెల్ బెంచీ మీద ఉన్నవాళ్ళందర్నీ అడిగి, చివరికి కూర్చోబోతున్నాడు. అంతలో లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. ఊదారంగు కోటు, వెనకాల గడగడమంటూ సిలిండరు బండి, ఓపల్.

"ఈవిడెవరే?" అంది ట్రిష్.

మార్నీకి అమ్మమ్మని చూస్తే సిగ్గేసింది. సిగ్గుపడినందుకు ఇంకా సిగ్గేసింది. భూమి చీలితే బాగుండుననుకుంది, మూడో అంతస్తులో ఆ సౌకర్యం కూడా లేదు.

"మా అత్తయ్య," అన్నాడు వెండెల్.

ఎవర్నీ అడగలేదు. లోర్నా చేతిలో పర్సు కింద పడింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అబద్ధమాడటం కానీ, అడక్కుండా నోరు విప్పడం కానీ ఆవిడ చూడలేదు.

ఓపల్ ఆయన్ని ఎగాదిగా చూసింది. "అవును, అత్తయ్యనే," అంది. "అల్లుడూ, జరుగు, కాళ్ళు లాగుతున్నాయి."

లోపల జడ్జి ఆల్డెన్ కళ్ళజోడు సవరించుకుంది. వెండెల్ చెయ్యెత్తి నిజమే చెబుతానని ప్రమాణం చేశాడు. చేతిని ఎంత ఎత్తులో ఉంచమంటారని మాత్రం అడిగాడు.

"క్రాబ్‌ట్రీగారూ, గదిలో ఉన్నవాళ్ళంతా ఎవరో రికార్డు కోసం చెప్పండి," అంది జడ్జి.

వెండెల్ లోర్నాని చెప్పాడు, జట్టుని చెప్పాడు, కోచ్‌ని చెప్పాడు.

"ఆ వెనక ఊదా కోటు ఆవిడ?"

వెండెల్ నోరు తెరిచాడు. మూశాడు. ప్రమాణం చేసి అబద్ధమాడితే దత్తతే చెడిపోవచ్చు. నిజం చెబుదామంటే పిల్ల వద్దంది. మళ్ళీ నోరు తెరిచాడు. చెప్పొచ్చా అని మార్నీ వైపు చూశాడు, అడగడానికి కూడా భయపడిపోయి కళ్ళు దించేసుకున్నాడు.

మార్నీకి మళ్ళీ సిగ్గేసింది. ఈసారి తనని చూసుకుని తనకే. తన అబద్ధాన్ని దాచడానికి ఆ పెద్దాయన అందరి ముందూ చేపలా నోరు తెరుస్తూ మూస్తూ నిలబడటం ఆ పిల్ల చూడలేకపోయింది.

"మా అమ్మమ్మండీ," అని లేచి నిలబడింది. "చచ్చిపోయిందని స్కూల్లో నేనే చెప్పాను. ఆయనకేం సంబంధం లేదు."

జడ్జి మార్నీనే చూస్తోంది.

"మార్నీ, వీళ్ళు నిన్ను దత్తత తీసుకోవడం నీకిష్టమేనా? చట్టం అడగమన్నది నిన్నే."

"ఇష్టమేనండీ. కానీ ముందు మా అమ్మమ్మని అడగొచ్చా?"

"చట్టం అడగమనలేదు," అంది జడ్జి. "వద్దనీ అనలేదు. అడుగు."

మార్నీ వెనక్కి తిరిగింది. అడిగేలోపే ఓపల్ అందుకుంది.

"నన్ను మళ్ళీ అడుగుతావేంటే. ఈ మనిషి జనవరి నుంచీ అడిగి అడిగి నా ప్రాణం తోడేశాడు. నిన్ను ఇంటికి తెచ్చుకోవచ్చా అని అడిగాడు. జుట్టు కత్తిరించొచ్చా, పళ్ళకి క్లిప్పులు వేయించొచ్చా, బంతాటకి పంపొచ్చా అన్నీ అడిగాడు. ఇవాళ కోర్టు నాకు వీలుపడుతుందా అని కూడా అడిగాడు. నేను రానన్నాను, నీకు నామోషీ అని. తర్వాత మనసొప్పక వచ్చేశాను, నేనెవర్నీ అడగను."

ఊపిరాడక ఆగింది. మళ్ళీ జడ్జి వైపు తిరిగింది.

"మోటెల్ గదిలో పిల్లని ఉంచకూడదని కౌంటీవాళ్ళన్నారమ్మా, ఇచ్చేశాను. అప్పట్నుంచీ అందరూ నన్ను పిల్లని వదిలేసినదాన్లాగే చూశారు. ఈయనొక్కడే గుమ్మం బయట టోపీ చేత్తో పట్టుకుని, ఇంకా ఆ పిల్లకి నేనే పెద్దదిక్కునన్నట్టు అడిగాడు. రాసెయ్యండి, నాకిష్టమే."

జడ్జి సంతకం చేసింది. లోర్నా ఏడ్చింది. వెండెల్ కర్చీఫ్ తీసి, ఇవ్వొచ్చా అని అడిగేలోపే ఆవిడ లాక్కుంది.

బయటికొచ్చాక ట్రిష్ ఓపల్ ముందు నిలబడిపోయింది. మార్నీ చెవులు ఎర్రగా కాలిపోతున్నాయి.

"మీరు చచ్చిపోయారని చెప్పిందండీ," అంది ట్రిష్.

"దాని తప్పేం లేదు, చచ్చిపోయాను," అంది ఓపల్, లేని పళ్ళు రెండూ కనపడేలా నవ్వి. "భోజనాలున్నాయని తెలిసి లేచొచ్చాను."

ట్రిష్ నవ్వింది. జట్టంతా నవ్వింది. మార్నీ సిగ్గుతో మొహం అమ్మమ్మ కోటులో దాచుకుని, అక్కడే తనూ నవ్వింది.

అందరూ లిఫ్టులోకి దూరారు. గుమ్మం దగ్గర వెండెల్ "చోటుందా, నేనూ రావచ్చా?" అని ఒక్కొక్కర్నీ అడుగుతుండగానే తలుపులు మూసుకుపోయి లిఫ్టు కిందికి దిగిపోయింది. కింద అందరూ దిగారు. మార్నీ మాత్రం దిగకుండా మూడో అంతస్తు బొత్తాం నొక్కింది. తలుపులు తెరుచుకునేసరికి వెండెల్ అక్కడే, టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. మార్నీ ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని లోపలికి లాగేసింది.