నాయన మోసిన కుర్చీ

తొంభైల చివర్లో, నేను తిరుపతిలో ఎమ్మెస్సీ బోటనీ మొదటి సంవత్సరం చదువుతున్నప్పుడు నాకు ఆ జ్వరం వచ్చింది. చలికాలం పోయి ఎండలు ఇంకా ముదరని రోజులు. మొదట గొంతునొప్పి. చన్నీళ్ల స్నానం వల్లనేమో అనుకుని ఉప్పునీళ్లు పుక్కిలించి క్లాసులకు వెళ్లాను. నాలుగు రోజులు గడిచేసరికి ఉమ్మి మింగడమే కష్టమైంది. మెడకు రెండు పక్కలా నిమ్మకాయలంత గడ్డలు లేచాయి. సాయంత్రమైతే ఒళ్లు కాలిపోయేది.

హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి నా క్లాసే. చిత్తూరు పిల్ల. వాళ్ల నాన్న అక్కడ చర్చి వాళ్ల బడిలో టీచరు. నేను ఒద్దంటున్నా వినకుండా ఆమే నన్ను దగ్గర్లోని డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. గొంతులో చీము ఉందని ఆయన మాత్రలు ఇచ్చాడు. ఆ గొంతు చూస్తే ఎవరైనా అవే ఇచ్చేవాళ్లని తర్వాత తెలిసింది. అవి వేసుకున్న మూడోనాటికి మెడ నుంచి మోకాళ్ల దాకా ఎర్రగా దద్దుర్లు పొంగాయి. హాస్టల్ పిల్లలు అమ్మవారు పోసిందనుకున్నారు. మా వరండాలో నడిచేవాళ్లు అవతలి గోడవారగా నడవడం మొదలుపెట్టారు. వాళ్లను తప్పుపట్టలేను, పరీక్షలు దగ్గర పడుతున్నాయి. నా గది పిల్ల మాత్రం తన మంచం జరపలేదు. నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, "లెయ్ మే, పెద్దాసుపత్రికి పోదాం," అని ఆటో పిలిచింది.

పెద్దాసుపత్రిలో చీటీ రాయించుకుని బెంచీ మీద కూర్చున్నప్పుడు పక్కనున్న పెద్దావిడ నా మెడ చూసి, ఇట్లాంటి గడ్డలు క్షయకే వస్తాయని మెల్లగా అంది. మా ఊళ్లో క్షయతో పోయిన ఒకామె నాకు గుర్తొచ్చింది. ఆమె మెడ కూడా అలాగే ఉండేది. తర్వాత డాక్టరు నన్ను లోపలికి పిలిచేదాకా నా స్నేహితురాలు నా చెయ్యి పట్టుకునే కూర్చుంది.

డాక్టరుకు యాభై ఏళ్లుంటాయి. గొంతు చూశాడు, మెడ తడిమాడు, పడుకోబెట్టి ఎడమ పక్కటెముకల కింద వేళ్లతో నొక్కాడు. ఏం మాత్రలు వేసుకున్నానో అడిగాడు. నా స్నేహితురాలు పర్సులోంచి మాత్రల అట్ట తీసి చూపించింది. దాన్ని చూసి ఆయన ముఖం తేటపడింది. నెత్తురు పరీక్ష చేయించి మర్నాడు రమ్మన్నాడు. మర్నాడు చెప్పాడు, ఇది క్షయ కాదు, అమ్మవారు కాదు, గ్లాండ్యులర్ ఫీవర్ అని. చదువుకునే వయసు పిల్లలకు వచ్చే జ్వరమట. ఈ జ్వరం ఉన్నవాళ్లు ఆ రకం మాత్రలు వేసుకుంటే దద్దుర్లు వస్తాయట, వాటంతట అవే పోతాయట.

"దీనికి మందు లేదమ్మా," అన్నాడు. "పండుకోవడమే మందు. ఒళ్లు ఎంతసేపు పండుకోమంటే అంతసేపు పండుకో. నెలలు పట్టొచ్చు, భయపడొద్దు."

కడుపులో ప్లీహం వాచిందని, దానికి దెబ్బ తగిలితే ప్రమాదమని, బరువులు ఎత్తకూడదని, కొన్నాళ్లు కుదుపుల బస్సు ప్రయాణం పెట్టుకోవద్దని కూడా చెప్పాడు. మా ఊరు పలమనేరు అవతల. చిత్తూరు దాటాక మొగిలి ఘాట్ ఎక్కాలి. అంటే ఇంటికి పోయే దారి మూసుకుపోయినట్టే.

మా ఊళ్లో ఫోను పాలకేంద్రంలో ఉండేది. పొద్దున పాలు పోసే వేళ చూసి నా స్నేహితురాలు ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేసింది. మా అమ్మానాయనలకు చెప్పమని అంటే, పాలు పోయడానికి వచ్చిన ఊరంతటికీ తెలిసింది. ఆ మధ్యాహ్నానికే నాయన హాస్టల్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో ఒక సంచి, భుజాన తువ్వాలు. అమ్మ రాలేదు. మా ఆవులు అమ్మ చెయ్యి తప్ప మరో చెయ్యి పడనిచ్చేవి కావు. ఆమె వస్తే పాలు పిండేవాళ్లు లేరు. అందుకని నాయన వచ్చాడు.

మగవాళ్లను గేటు పక్కనున్న విజిటర్స్ రూము దాటి రానివ్వరు. అక్కడి బెంచీ మీద నా పక్కన కూర్చుని నాయన నా మెడ రెండు పక్కలా వేలికొసలతో తాకి చూశాడు. ఇంటికి తీసుకుపోదామని వచ్చాడాయన. ఘాట్ సంగతి చెప్పాక చేతిలోని సంచి బెంచీ కింద పెట్టేశాడు. హాస్టల్లో తిండి నా గొంతు దిగేది కాదు, అంతా కారం. కొండకు పోయేవాళ్ల కోసం కట్టిన లాడ్జీల్లో నన్ను నెలల తరబడి పెట్టుకోలేడు.

ఆ సాయంత్రమే మా మేడమ్ వచ్చింది. మాకు ప్లాంట్ అనాటమీ చెప్పే ప్రొఫెసరు ఆమె. గంట కొట్టాక గడప తొక్కినవాళ్లను లోపలికి రానిచ్చేది కాదు. ఆమె నవ్వగా చూసినవాళ్లు మా క్లాసులో లేరు. నా స్నేహితురాలు డిపార్ట్‌మెంట్లో సంగతి చెప్పిందట. మేడమ్ ముందు వార్డెన్‌తో మాట్లాడి, తర్వాత మా దగ్గరికి వచ్చి నాయనకు నమస్కారం పెట్టింది. క్యాంపస్‌లో తన క్వార్టర్సులో ఒక గది ఊరికే పడి ఉందని, వెనక ఇంకో చిన్న గది ఉందని, అందులో ఆయన ఉండొచ్చని చెప్పింది. "మా అమ్మ పగలంతా ఒక్కతే ఉంటుంది. మీరు వస్తే ఆమెకు తోడు," అంది. మేము ఆమెకు ఉపకారం చేస్తున్నట్టు అడిగింది. నాయన లేచి నిలబడి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

అట్లా మేము మేడమ్ ఇంటికి చేరాము.

మేడమ్ వాళ్లమ్మను నేను అవ్వా అనేదాన్ని. పుత్తూరు దగ్గర తమిళం ఎక్కువగా మాట్లాడే ఊరామెది. చూపు బాగా తగ్గింది. మేడమ్ క్లాసులకు పోయాక వంటింటి గుమ్మంలో పీట మీద కూర్చుని, జీవితంలో ఎన్నడూ పొయ్యి ముట్టించని మా నాయనకు రాగి అంబలి కాచడం నేర్పింది. "గెంటె ఆపొద్దప్పా, ఉండలు కడతాది," అని ఆమె చెప్పడం, "ఆపలేదవ్వా, కలపెడతానే ఉండా," అని ఈయన అనడం నా గదిలోకి వినిపించేది. మొదటిరోజు అంబలి నిండా ఉండలే. ఒక్కో గుక్కా మింగుతుంటే కళ్లలో నీళ్లు తిరిగేవి. నాయన నా ముఖం చూసేవాడు కాదు, నా గొంతు చూసేవాడు. గుటక దిగిందని తెలిశాకే ఆయన చేతిలో చెంచా మళ్లీ కదిలేది. వారం తిరిగేసరికి అంబలి పట్టులా జారిపోయేది.

ప్యాకెట్ పాలు ఆయనకు నచ్చలేదు. తెల్లవారి క్యాంపస్ వెనక ఊళ్లోకి నడిచిపోయి ఆవులున్న ఒక ఇల్లు వెతికి పట్టుకున్నాడు. వాళ్లకు గడ్డి కోసిపెట్టి, పాలు పట్టుకుని వచ్చేవాడు. రోజూ ఆవుల మధ్య కాసేపు గడిపిన మనిషి ముఖంలో ఒక నెమ్మది ఉండేది.

సాయంత్రాలు నా స్నేహితురాలు వచ్చి ఆనాడు క్లాసులో చెప్పింది చదివి వినిపించేది. నాకు సగం ఎక్కేది, సగం నిద్రలో కలిసిపోయేది. ఒకరోజు పుస్తకం తెరవకుండానే నవ్వు ఆపుకుంటూ కూర్చుంది. లైబ్రరీలో నా జబ్బు గురించి వెతికిందట. ఎంగిలి వల్ల అంటుకుంటుంది గనక విదేశాల్లో దీన్ని ముద్దుల జబ్బు అంటారట. నేను ముద్దు ఎరగని దాన్నని ఆమెకు తెలుసు. హాస్టల్లో నీళ్ల కుండ దగ్గర అందరికీ ఒకటే గ్లాసు, ఆ గ్లాసు పుణ్యమే అయ్యుంటుందని తేల్చాం. గొంతు నొప్పి పుడుతున్నా నవ్వు ఆగలేదు. అంత నవ్వు ఎందుకని నాయన గుమ్మంలోకి వచ్చి అడిగాడు. పాఠంలో ఒక తమాషా ఉందని చెప్పింది నా స్నేహితురాలు. ఆయనా సంతోషించి వెళ్లిపోయాడు.

జ్వరం తగ్గింది. దద్దుర్లు పోయాయి. గొంతు మానింది. కానీ బలం రాలేదు. జడ వేసుకోవడానికి చేతులు పైకెత్తితే సగంలోనే కిందికి వాలిపోయేవి. పొద్దున లేచి పళ్లు తోముకుని వస్తే మళ్లీ పడుకోవాలనిపించేది. చూడ్డానికి మాత్రం మామూలుగా ఉండేదాన్ని. నాయనకు ఇది అర్థం కాలేదు. ఆయన లెక్కలో జ్వరం విడిస్తే మనిషి లేచి పనిలోకి పోవాలి. కొన్నాళ్లు ఓపిక పట్టి ఒకరోజు అన్నాడు: "జరం ఇడిసి శానా దినాలాయె గదా అమ్మణ్ణీ. లేసి నాలుగడుగులు ఏస్తే బాగుంటాది. పండుకోనుంటే కాళ్లు మొద్దుబారతాయి."

కోపంగా అనలేదు. అయినా నాకు ఏడుపొచ్చింది. నిజంగా బద్ధకమేమోనని నా మీద నాకే అనుమానం వచ్చింది. మర్నాడు చెప్పులేసుకుని డిపార్ట్‌మెంటుకు బయలుదేరాను. సగం దారి పోయానో లేదో మోకాళ్లు వణకడం మొదలైంది. రోడ్డు పక్క కల్వర్టు గట్టు మీద కూలబడ్డాను. కానుగ చెట్ల కింద పిల్లలు సైకిళ్ల మీద పోతున్నారు. లేవాలని చూస్తే కాళ్లు లేవలేదు. అప్పుడు చూశాను, నాయన వెనకే వస్తున్నాడు. నాకు తెలియకుండా ఇంటి నుంచీ వెనకే నడిచాడు. వచ్చి నా పక్కన కూర్చుని, వణుకుతున్న నా మోకాలి మీద చెయ్యి వేశాడు. ఆ చేతి కిందే ఇంకాసేపు వణికింది.

"నాకు తెలీకపాయె," అన్నాడు. "నువ్వు పండుకో నాయనా. ఇంక నేనేం అడగను."

ఆ తర్వాత ఆయన ఎన్నడూ అడగలేదు. ఎవరైనా చూడ్డానికి వచ్చి పిల్ల బాగానే ఉండాదే అంటే, బయటికి కనపడదు గానీ లోపల ఇంకా తేరుకోలేదని ఆయనే సర్దిచెప్పేవాడు.

ఇంకొన్నాళ్లకు డాక్టరు రోజుకు ఒక్క క్లాసుకు పోవచ్చన్నాడు, దారిలో కూర్చుంటూ పొమ్మన్నాడు. కూర్చోవడానికి దారంతా కల్వర్టులు లేవు. మర్నాడు పొద్దున నేనూ నా స్నేహితురాలూ బయలుదేరుతుంటే నాయన వరండాలో ఉన్న ఇనుప మడత కుర్చీ తీసుకుని భుజానికి తగిలించుకున్నాడు. నేను ఒద్దన్నాను. ఆయన వినలేదు. నేను ముందు, ఆయన కుర్చీతో వెనక. నా నడక మందగించగానే టక్కుమని కుర్చీ విప్పేవాడు. నేను కూర్చుంటే పక్కన నిలబడి కొండ వైపు చూసేవాడు. నేను లేచాక మళ్లీ మడిచి భుజానికెత్తుకునేవాడు. మొదటిరోజు తల ఎత్తలేకపోయాను. యూనివర్సిటీ రోడ్డు నడిమధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్న ఆడపిల్లను ఎవరు చూడరు. నాలుగైదు రోజులకు జనం పలకరించడం మొదలుపెట్టారు. పలకరించిన ప్రతి ఒక్కరికీ నాయన ఈ 'గ్లాండు జరం' గురించి మొదటి నుంచి చెప్పేవాడు, ప్లీహం ఎక్కడుంటుందో తన కడుపు మీద చూపించి మరీ. క్లాసు అయ్యేదాకా డిపార్ట్‌మెంటు బయట అదే కుర్చీలో కూర్చునేవాడు. మేడమ్ పాఠం కిటికీలోంచి ఆయనకూ వినిపించేది. ఒకసారి ఇంటికి పోతూ, వేరుకూ కాండానికీ లోపల అంత తేడా ఉండాదా అని నన్ను అడిగాడు.

పరీక్షలు వచ్చాయి. నాలుగు పేపర్లు. అన్నీ రాయాలని నా పట్టుదల. డిగ్రీలో మా కాలేజీకి ఫస్టు వచ్చినదాన్ని. ఒక సాయంత్రం మేడమ్ నా మంచం దగ్గర కుర్చీ వేసుకుని, రెండు పేపర్లే రాయమంది, మిగతా రెండు తర్వాత రాసుకోవచ్చంది. నేను ఏడ్చాను. ఆమె నా ఏడుపు అయ్యేదాకా ఊరుకుని, "నీ మార్కులు చూసి నిన్ను ఈ ఇంటికి తెచ్చుకోలేదు," అంది. లేచి వెళ్లి నాకు పాలు వెచ్చబెట్టి తెచ్చింది.

రెండే రాశాను. రెండో పేపరు మధ్యలో తల బల్ల మీద వాల్చేశాను. హాల్లో ఉన్న సారు వచ్చి భుజం తట్టి, మంచినీళ్లు తెప్పించి ఇచ్చాడు. మిగతా భాగం రాసి బయటికి వస్తే వరండాలో నాయన, నా స్నేహితురాలు ఉన్నారు. ఎట్లా రాశావని ఇద్దరూ అడగలేదు. రెండూ పాసయ్యాను. మిగిలిన రెండింటినీ మరుసటి ఏడు జూనియర్లతో కూర్చుని రాశాను. అందులో నామోషీ ఏమీ లేదని అప్పటికి నాకు తెలుసు.

ఎండలు బాగా ముదిరాక డాక్టరు మళ్లీ కడుపు నొక్కి చూసి, స్కాను తీయించి, ప్లీహం మామూలుకు వచ్చిందన్నాడు. ఇక ఊరికి పోవచ్చన్నాడు. బయలుదేరే రోజు అవ్వ నా ముఖం రెండు చేతులతో తడిమి, మెడ తడిమి, గడ్డలు లేవని తనే తేల్చుకుంది. నాయనను పిలిచి, అంబలి మాత్రం మరిచిపోవద్దప్పా అంది. మేడమ్‌కు నేను ఏదో చెప్పాలని రాత్రే మాటలు కూర్చుకున్నాను. అవన్నీ వదిలేసి వంగి కాళ్లకు దండం పెట్టబోతే భుజాలు పట్టి లేపింది. జూన్‌లో క్లాసులు మొదలయ్యే మొదటిరోజే గంట కొట్టకముందే వచ్చి కూర్చోవాలని చెప్పింది. చెప్తూ నవ్వింది.

నా స్నేహితురాలూ సెలవులకు ఇంటికి పోతూ మాతోపాటే బస్సెక్కింది. చిత్తూరులో దిగిపోయి, బస్సు కదిలేదాకా కిటికీ దగ్గరే నిలబడింది. నాయన కుదుపులు తక్కువుంటాయని నన్ను డ్రైవరు వెనక సీట్లో కూర్చోబెట్టాడు. పిల్లకు బాగలేదు, గుంతల్లో మెల్లగా పోనీమని డ్రైవరుకు చెప్పి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు చల్లగాలి మొదలైంది. ఎన్నో వారాలుగా బస్సెక్కిందీ లేదు, కిటికీలోంచి ఊళ్లు చూసిందీ లేదు. మామిడితోటలను, రోడ్డు పక్క బండలను కళ్లారా చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి భుజం బరువెక్కితే తిరిగి చూశాను. నాయన నా భుజం మీద తల వాల్చి నిద్రపోతున్నాడు. నాకు జబ్బు చేసిన దగ్గర్నుంచీ ఆయన పగటి పూట కన్ను మూయగా నేను చూడలేదు. పలమనేరు దాకా నేను కదలకుండా కూర్చున్నాను. నాకు ఆ రోజు ఏమీ అలుపు అనిపించలేదు.