నేర్చుకునేవాళ్ల కారు

యాభై దాటినా ఆమె వీధిలో అందరికీ ఇంకా పెద్దమ్మాయే. తండ్రి మెకానిక్ షెడ్డు నడిపే రోజుల్లో ఇద్దరు కూతుళ్లలో పెద్దది కాబట్టి పడ్డ పేరు అది. తండ్రి పోయాక షెడ్డు మూతపడుతుందనుకున్నారు. ఆమె మాత్రం జుట్టు ముడివేసుకుని, తండ్రి నీలం కోటు చేతులు పైకి మడిచి తొడుక్కుని, ఎప్పటిలాగే పొద్దున్నే షట్టరు ఎత్తింది. మొదట్లో బళ్లు తెచ్చినవాళ్లు మెకానిక్ ఎక్కడని అడిగేవాళ్లు. ఆమె బానెట్ ఎత్తేది. కొన్నాళ్లకు అడగడం మానేశారు.

చెల్లెలి భర్తది డ్రైవింగ్ స్కూలు. ఒక గది, గోడ మీద రోడ్డు గుర్తుల పటం, ఒకే ఒక్క కారు. వదినా మరుదులకు పడకపోవడమంటూ ఏమీ లేదు. కానీ కారుకి ఏమొచ్చినా మరిది మెయిన్ రోడ్డు మీది పెద్ద వర్క్‌షాపుకే పట్టుకెళ్లేవాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా. పెద్దమ్మాయి పట్టించుకోనట్టే ఉండేది. ఆ ఊసు వస్తే చెల్లెలే ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్లిపోయేది.

ఆ కారు ఊరికే ఆగిపోవడం ఎప్పుడు మొదలైందో ఎవరూ చెప్పలేకపోయారు. నేర్చుకునేవాళ్ల చేతిలో బండి ఆగడం వింతేమీ కాదు. క్లచ్ ఒక్కసారిగా వదిలేస్తారు, ఇంజిన్ ఎగిరిపడి ఆగుతుంది. పక్క సీట్లోంచి మరిది "క్లచ్, క్లచ్" అంటాడు. వాళ్లు తల దించుకుని మళ్లీ తాళం తిప్పుతారు. అలా తల దించుకోలేక ఇద్దరు మధ్యలోనే మానేశారు.

మానకుండా మిగిలింది టైలరమ్మ. కుట్టిన బట్టల మూటలు తనే బండిలో వేసుకుని దుకాణాలకు చేర్చాలని ఆమె ఆశ. నాలుగు రోడ్ల కూడలిలో వరసగా బండి ఆగేసరికి మరిది మెత్తగానే చెప్పాడు, డ్రైవింగ్ అందరి చేతికీ రాదని, అందులో చిన్నతనమేమీ లేదని. ఆమె సరేనని ఇంటికెళ్లింది గానీ ఆ మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. కుట్టిన సీటు కవర్లు ఇవ్వడానికి పెద్దమ్మాయి షెడ్డుకి వచ్చినప్పుడు ఆ సంగతే ఎత్తింది.

"నేను పుట్టిబుద్ధెరిగినప్పటినుంచీ మిషన్ తొక్కుతున్నాను. నా కాలు ఎక్కడుందో నాకు తెలుసు. క్లచ్ వదిలినప్పుడు ఆగితే నాదే తప్పంటాను. పూర్తిగా తొక్కిపట్టి ఉన్నప్పుడే ఆగుతోంది."

పెద్దమ్మాయి చేతులు తుడుచుకోవడం ఆపింది. క్లచ్ తొక్కి ఉంటే ఇంజిన్‌కీ చక్రాలకీ సంబంధమే ఉండదు. అలాంటప్పుడు ఆగిందంటే తప్పు కాలిది కాదు, కారుది.

చెల్లెలి ద్వారా కబురు వెళ్లింది. మరిది కారు తెచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. వర్క్‌షాపువాళ్లు అంతా చూసి ఏమీ లేదన్నారని ముందే చెప్పాడు. ఆమె ప్లగ్గులు చూసింది, పెట్రోలు సరిగ్గా అందుతోందో లేదో చూసింది, ఇంజిన్‌కి గాలి వెళ్లే దారి శుభ్రం చేసింది. షెడ్డులో ఉన్నంతసేపూ ఇంజిన్ బుద్ధిమంతుడిలా తిరిగింది. సరే పట్టుకెళ్లమంది. మర్నాడే అది మళ్లీ కూడలిలో ఆగింది. మరిది ఫోన్ చేసి ఆ ఒక్క ముక్కే చెప్పి పెట్టేశాడు. ఆమెకు చురుక్కుమంది. టైలరమ్మను తోడు తీసుకుని తనే స్కూలుకి వెళ్లింది.

టైలరమ్మ స్టీరింగ్ పట్టుకుంది, మరిది పక్కన కూర్చున్నాడు, పెద్దమ్మాయి వెనక సీట్లో. నేర్పే కారు కాబట్టి మరిది వైపు కూడా ఒక బ్రేకు ఉంది. కూడలి ఇంకా దూరంగా ఉండగానే అతని బూటు ఆ బ్రేకు మీద వాలడం వెనక నుంచి కనిపించింది. టైలరమ్మ క్లచ్ తొక్కింది. ఇంజిన్ నీరసించి, వణికి, ఆగిపోయింది. ఆమె మెల్లగా క్షమించమంది.

"ఈసారి నీ కాలు వెనక్కి పెట్టుకో, మరిదీ."

అతనికి నచ్చలేదు, కానీ పెట్టుకున్నాడు. ఖాళీ రోడ్డు మీద టైలరమ్మ క్లచ్ తొక్కి బండిని దానంతటదే నిలిచేదాకా వదిలింది. ఇంజిన్ ఆగలేదు. అప్పుడు పెద్దమ్మాయి బ్రేకు తొక్కమంటే తొక్కింది. వెంటనే ఇంజిన్ ఆగింది.

షెడ్డుకి తిరిగొచ్చారు. ఇంజిన్ తిరుగుతుండగా మరిదిని బ్రేకు తొక్కి ఉంచమంది. అతని కాళ్ల దగ్గర పాము బుస కొట్టినట్టు సన్నని చప్పుడు. ఇంజిన్ నుంచి బ్రేకు బూస్టరుకి వెళ్లే రబ్బరు గొట్టాన్ని ఆమె పట్టకారుతో బిగించి నొక్కింది. చప్పుడు పోయింది, ఇంజిన్ కుదుటపడింది. బూస్టరంటే ఇంజిన్ పీల్చే గాలి బలంతో బ్రేకును తేలిక చేసే గుండ్రటి డబ్బా. లోపలి రబ్బరు పొర చిరిగింది. బ్రేకు తొక్కిన ప్రతిసారీ ఆ చిరుగులోంచి గాలి ఇంజిన్‌లోకి దూరి దాని ఊపిరి చెడగొడుతోంది. బానెట్ ఎత్తి చూసినవాళ్లెవరూ, ఆమెతో సహా, బ్రేకు తొక్కి చూడలేదు. మరిదికి ఒక్కడే నడిపేటప్పుడు, బండి నిలిపితే హ్యాండ్ బ్రేకు లాగి, యాక్సిలరేటర్ కొంచెం తొక్కి ఉంచే అలవాటు; అందుకే అతని చేతిలో ఇంజిన్ ఆగలేదు.

"బ్రేకు గట్టిపడినట్టు నీకెప్పుడూ అనిపించలేదా?" అని అడిగింది.

అతను బయట ఉన్న టైలరమ్మకు వినపడకుండా అన్నాడు. "అనిపించింది వదినా. నా కాలే పట్టు తప్పుతోందనుకున్నాను. మా నాన్నకీ కాళ్లు పడిపోవడం ఇలాగే మొదలైంది."

అందుకే ఇంట్లో చెప్పలేదు. సమయానికి తొక్కలేనేమోనని, ముందునుంచే బ్రేకు మీద కాలు పెట్టి కూర్చునేవాడు. ఆమె ఓదార్చలేదు. కొత్త బూస్టరు బిగించి, తొక్కి చూడమంది. పెడల్ మెత్తగా దిగింది. అతను మళ్లీ తొక్కాడు, మళ్లీ, అవసరం లేకపోయినా.

తప్పు మీది కాదండీ అని టైలరమ్మతో అతనే చెప్పాడు. మానేసినవాళ్లకు కూడా ఫోన్ చేశాడు. ఒకతను వచ్చాడు. రెండో ఆవిడ విని, ఈపాటికి స్కూటీ కొనుక్కున్నానంది.

టైలరమ్మ మొదటి లైసెన్సు పరీక్షలో రివర్సు దగ్గర తప్పింది, రెండోసారి నెగ్గింది. ఆ కబురు చెల్లెలు మోసుకొచ్చేసరికి పెద్దమ్మాయి ఒక వ్యాను కింద పడుకుని ఉంది. మంచిదే అని, పదమూడో నంబరు స్పానర్ అందించమంది.