నెక్కొండ చెల్లె చెప్పిన పద్ధతి

నెలకో శనివారం మేం నలుగురం వరంగల్‌లో మా చర్చి వెనకాల గదిలో కలిసేవాళ్ళం. మొగుడు పోయాక ఒంటరిగా వ్యవసాయం చేసుకుంటున్న ఆడవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళ బతుకు అడిగి రాసుకొచ్చే పని మాది. ఎవరి మండలం వాళ్ళది. పరిశోధన అని పెద్ద పేరే ఉంది గానీ మేమూ ఆ ఊళ్ళ ఆడవాళ్ళమే. ఒకరినొకరం ఊళ్ళతోనే పిలుచుకునేవాళ్ళం: రఘునాథపల్లి చిన్నమ్మ, తొర్రూరు వదిన, నెక్కొండ చెల్లె. నేను వరంగల్ అక్కను.

మాకు పాఠం చెప్పేవాళ్ళెవరూ లేరు. టిఫిన్ డబ్బాలు మధ్యలో పెట్టుకుని, ఆ నెల ఎవరు ఎక్కడ బోల్తా పడ్డారో చెప్పుకోవడమే మా చదువు. ఒకసారి తొర్రూరు వదిన ఓ ఇంట్లో అడుగు పెడుతూనే "మీ ఆయన ఎట్ల సచ్చిపోయిండు?" అని అడిగి, ఆ ఇంటి అత్తతో చీవాట్లు తిని వచ్చింది. మేం పడీపడీ నవ్వాం.

నవ్వనిది నెక్కొండ చెల్లె ఒక్కతే. మాలో అందరికంటే చిన్నది, అందరికంటే ఎక్కువ మాట రాబట్టేది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆమెకు నోటికన్నా చెవి మంచిది.

"ముందుగాల వాళ్ళిచ్చిన నీళ్ళు తాగాలె వదినా," అంది. "బర్రె గురించి అడుగు, పత్తి గురించి అడుగు. ఆయన ముచ్చట ఆమెనే తీస్తది. ఏడిస్తే ఏడ్వనియ్యి. పట్టుకోవద్దు, ఊకోమనద్దు. పట్టుకుంటే మాట ఆగిపోతది."

ఎవరైనా ఏడిస్తే చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసే ఇంట్లో పుట్టినదాన్ని, నాకది మొదట మింగుడు పడలేదు. "ఇదేం రాతిగుండెనే నీది" అని ఎగతాళి కూడా చేశాను. కానీ ఆమె చెప్పినట్టు చేస్తే నిజంగానే మాటలు వచ్చాయి. ఏళ్ళ తరబడి ఎవరికీ చెప్పుకోనివి మాకు చెప్పారు. ఆ పద్ధతి మా నలుగురిదీ అయిపోయింది.

పోయిన వానాకాలం నెక్కొండ చెల్లె భర్త పొలం దగ్గర మోటారు వెయ్యబోయి కరెంటు షాక్ కొట్టి చనిపోయాడు.

కర్మ అయిపోయాక మేం ముగ్గురం రైలెక్కి నెక్కొండ వెళ్ళాం. అన్నేళ్ళూ ఇలాంటి ఇళ్ళకే తిరిగినవాళ్ళం, ఆ రోజు ఆటో దిగాక నువ్వు ముందు నడువంటే నువ్వు నడువని ఒకరి వెనకాల ఒకరం నక్కాం.

ఆమే చెంబుతో నీళ్ళు తెచ్చింది. తాగాం. చిన్నమ్మే మొదలుపెట్టింది.

"బర్రె పాలిస్తాందా బిడ్డా?"

నెక్కొండ చెల్లె ఖాళీ చెంబు పట్టుకుని మా ముగ్గురినీ చూసింది.

"నేను చెప్పిందే నాకు జేస్తాన్నరా," అంది. కోపంగా అన్నా బాగుండేది. మెల్లగా అంది.

తర్వాత గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చింది. మేం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. అదేం అలవాటో, ముగ్గురిలో ఒక్కరం కూడా లేవలేదు.

"ఎవలన్న ఒక్కలు నన్ను పట్టుకోరాదుండ్రి," అంది.

నేను పరుగున వెళ్ళి ఆమెను దగ్గరికి లాక్కున్నాను. ఒళ్ళు జ్వరం వచ్చినట్టు కాలిపోతోంది. చిన్నమ్మా వదినా కూడా వచ్చి చెరో పక్క కూర్చున్నారు. చాలాసేపటికి ఏడుపు తగ్గింది. నా భుజం మీంచి తల ఎత్తకుండానే అడిగింది.

"వాళ్ళందరు గూడ గిట్లనే సూసిన్రా అక్కా? నేను ఎదురుంగ కూసోని రాసుకుంటాంటే, ఎప్పుడు పట్టుకుంటనా అని?"

లేదంటే అబద్ధమయ్యేది. ఆమెను ఇంకా గట్టిగా పట్టుకున్నాను.